కెమెరా కటకమును పరీక్షించుట

మన యువకులు వేలరూపాయలు వెచ్చించి కెమెరాకు కొత్త కటకములను కొనుచున్నారు. గాజు మెరసినంతమాత్రమున మేలైనది కాదు, పరీక్షింపవలెను. కోహీరువంటి యూరిలోనే యీ పని సులభముగా చేయవచ్చును.

పగటివేళ వార్తాపత్రికను ముడుతలు లేకుండ గోడకంటించి, కెమెరాను దాని కెదురుగా మూడుకాళ్ల స్టాండుపై సూటిగా నిలుపవలెను. చేతి వణకును గాజుదోషముగా నెంచరాదు గదా! కటకద్వారమును పూర్తిగా తెరచి యొకటి, కొంత మూసి యొకటి చిత్రములు తీయుడు. తెరచినపుడు నాలుగు మూలలును కొంచెము మసకబారుట సామాన్యము. మూసినను ఒక్కమూల మాత్రమే మసకగా నున్నచో కటకము ఒరగియుండునని శంకింపవలెను.

రాత్రివేళ నక్షత్రములే పరీక్షకులు. 1901లో నవాబు జఫర్‌జంగు హైదరాబాదున స్థాపించిన నిజామియా వేధశాలలో, 1914 మొదలుకొని 8 అంగుళముల కటకముతో ఆకాశమును చిత్రించి, లక్షలాది నక్షత్రముల స్థానములను కొలిచిరి. నక్షత్రము బిందువుగా పడిననే కొలత నిలుచును. మీరును శీతకాలపు నిర్మలాకాశమును రెండుమూడు సెకనులు చిత్రింపుడు. నడుమ బిందువులై, అంచులందు తోకలు సాగినచో అది కటకదోషమే.

కొన్నవెంటనే దోషము కనుగొన్న అంగడివాడు మార్చి యియ్యవచ్చును. పెండ్లినాడు కనుగొన్న, గడచిన ముహూర్తమును మార్చి యిచ్చువారెవరు?