పాత వరుస, కొత్త గొంతు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు సభలో ఏదైనా సాహిత్య విషయం మీద నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. వీడియో గేముల సంగీతాన్ని గురించి చెబుతామన్నాము. వారు కొంచెంసేపు మౌనం వహించి, "అయితే పిల్లల కార్యక్రమంలో పెట్టమంటారా?" అన్నారు. వద్దు, పెద్దల కార్యక్రమంలోనే పెట్టండి అని మనవి చేసుకొన్నాము. ఎందుచేతనంటే, ఈ విషయంలో పిల్లలకు నేర్పవలసింది మా దగ్గర ఏమీ లేదు. వారివల్ల మేము నేర్చుకొన్నదే ఉన్నది.

మాది గూళూరు. నిడుమామిడి మఠం ఉన్న ఊరు. బెంగుళూరు నుంచి హైదరాబాదు పోయే పెద్ద రోడ్డు మీద బాగేపల్లి తగులుతుంది గదా, ఆ తాలూకాలోనిది. వెనుక కోలారు జిల్లా అనేవాళ్లం. 2007 నుంచి చిక్కబళ్ళాపురం జిల్లా అయింది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. మా పెద్దలలో చాలామంది తెలుగు పాటలను కన్నడ అక్షరాలలో నోటు పుస్తకాలకు ఎక్కించుకొని పాడేవారు. కైవారం తాతయ్యగారి తెలుగు తత్వాలు సైతం ఆ ప్రాంతంలో కన్నడ లిపిలోనే అచ్చయి చేతులు మారాయి. అంటే, వస్తువు ఒకటి, దానికి తొడిగిన అంగీ మరొకటి కావడం మాకు చిన్ననాటి నుంచీ అలవాటే. అయినా మా ఇంట్లోనే ఆ పని జరుగుతూ ఉంటే మేము గుర్తించలేకపోయాము.

మా అబ్బాయికి పదహారేళ్లు. రాత్రి భోజనాలు కాగానే చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని కంప్యూటరు ముందు కూర్చొనేవాడు. ఆటలాడి చెడిపోతున్నాడని మా భయం. ఒకనాడు గట్టిగానే కోప్పడ్డాము. వాడు శాంతంగా, "ఆడటం లేదు నాన్నా. ఆటలోని పాటను మళ్ళీ కడుతున్నాను" అన్నాడు. అదేమిటో చూపించమని పక్కన కూర్చున్నాము. ఆ కూర్చోవడం రెండు గంటలయింది.

ఆ రెండు గంటలలో తెలుసుకొన్న సంగతులు ముందు చెబుతాము. 1983లో జపానులో నింటెండో కంపెనీ ఫామికామ్ అనే ఆట యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. దానిలోని శబ్దపు చిప్పుకు ఉన్నవి 5 గొంతులు మాత్రమే. రెండు గొంతులు బూరవలె బిగువుగా పలుకుతాయి. మూడవది మెత్తగా మంద్రంలో పలుకుతుంది. నాల్గవదానికి స్వరమే లేదు, ఉత్త రొద. దానినే తెగ్గొట్టి డప్పుగానూ తాళంగానూ వాడాలి. ఐదవది ముందే దాచిపెట్టిన చిన్న శబ్దపు ముక్కను పలికిస్తుంది. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ అనే ఆటకు కోజి కోండో అనే ఆయన సంగీతం కట్టింది ఈ సరంజామాతోనే. బొమ్మలు, నడక, పాట అన్నీ కలిపి ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. ఈనాడు మనం ఫోనుతో తీసే ఒక్క ఫోటో దానికంటే ఎన్నో రెట్లు పెద్దది.

చోటు తక్కువ గనుక పాట చిన్నదిగా ఉండాలి. చిన్నది గనుక తిరిగి తిరిగి రావాలి. నూరోసారి విన్నా విసుగు పుట్టకూడదు. భజనలో పల్లవికి ఉండవలసిన గుణం కూడా ఇదే గదా! 2023లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు కాపాడవలసిన ధ్వని ముద్రణల పట్టికలో ఆ మారియో పాటను చేర్చారు. ఆటల పాట ఆ పట్టికకు ఎక్కడం అదే మొదలు.

ఇటువంటి వరుసలను చిన్ననాడు విన్న పిల్లలు పెద్దవారై, వాటిని తమ చేతితో మళ్ళీ కట్టడం మొదలుపెట్టారు. దానినే రీమిక్స్ అంటున్నారు. సినిమా పాటకు దడదడమని డ్రమ్ములు తగిలించడమని మేము అనుకొన్నాము. అది వేరు, ఇది వేరు. మొదట పాత పాటను చెవితో విడదీయాలి: పై గొంతు ఏమి పలికింది, మంద్రం ఎక్కడ నడిచింది, తాళం ఎక్కడ పడింది. తరువాత కంప్యూటరులో స్వరాలను ఒక్కొక్కటిగా, నేతగాడు పోగులు పెట్టినట్లు, గళ్లలో పేర్చాలి. ఆ పైన తన సొంతం చేర్చాలి: కాలం మార్చడమో, వీణకో వేణువుకో అప్పగించడమో, మధ్యలో తానే కొత్త భాగం అల్లి తిరిగి పల్లవికి చేరుకోవడమో. రెండు మూడు నిమిషాల పాటకు నెల పట్టవచ్చు. దీనికి జీతం లేదు.

1999లో అమెరికాలో డేవిడ్ లాయిడ్ అనే ఆయన ఓవర్‌క్లాక్డ్ రీమిక్స్ అనే కూటమిని ప్రారంభించారు. లోకంలో ఏ మూల ఉన్నవారైనా పాట కట్టి పంపవచ్చు; పరీక్షకులు విని నిర్ణయిస్తారు; ఒప్పుకొన్న పాటలను ఎవరైనా ఉచితంగా వినవచ్చు. పరీక్షకు రెండు కొలతలున్నవి. మూలాన్ని ఉన్నదున్నట్లు దించితే కుదరదు, నీ చేయి ఏదీ అంటారు. మూలం ఆనవాలు దొరకనంతగా మార్చినా కుదరదు, పాట ఏదీ అంటారు. ఈ రెంటి నడుమ దారి సన్ననిది. పైగా, ఏ ఆట నుంచి తెచ్చినది, మొదట కట్టినది ఎవరు అనేవి ప్రతి పాట వెంట రాసి ఉండాలి.

ఇది దొంగతనం కాదా అని మేమూ అడిగాము. చట్టం దృష్టిలో వరుస మీద హక్కు దాని యజమానిదే. అతడు వద్దంటే తీసివేయవలసిందే. అందుకే వీరు అమ్ముకోరు, మూలకర్త పేరు దాచరు. దానివల్ల పని అంతా చట్టసమ్మతం అయిపోదు గాని, మర్యాద నిలుస్తుంది. ఒక్కొక్కప్పుడు యజమానులే మెచ్చి పిలిచిన సందర్భాలున్నవి. క్యాప్‌కామ్ కంపెనీ తన పాత కుస్తీల ఆటను 2008లో కొత్తగా వెలువరించినప్పుడు, సంగీతాన్ని ఈ కూటమివారి చేతనే కట్టించుకొన్నది.

మా వాడు చేరినది ఇంతకంటే చిన్న బృందం. ఒకసారి టెట్రిస్ ఆటలోని పాటను కట్టాడు. 1989లో గేమ్ బాయ్ అనే చేతి యంత్రంలో వచ్చిన వరుస అది. జపానులో హిరోకాజు తనాకా అనే ఆయన దానిని యంత్రానికి కుదిర్చారు. కాని వరుస ఆయనది కాదు. అది రష్యా దేశపు జానపద గీతం. ఊరూరా తిరిగి సరుకులు అమ్ముకొనే ఒక కుర్రవాడి పాట; దాని మాటలు నెక్రాసోవ్ కవి 1861లో వెలువరించిన కావ్యం నుంచి వచ్చాయి. చూడండి: కవి మాట జనం నోటికి ఎక్కింది, జనం వరుస యంత్రంలోకి దిగింది, యంత్రం నుంచి మా ఇంటి మేడ మీది గదికి వచ్చింది.

తిరుగుడు వర్తకుడి పాట అనేసరికి మాకు మన తాతయ్యగారు జ్ఞాపకం వచ్చారు. చింతామణి తాలూకా కైవారంలో వెలసిన నారేయణ తాతయ్యగారు గాజుల మలారం భుజాన వేసుకొని ఊరూరా తిరిగారని సంప్రదాయం చెబుతుంది. 1726 నుంచి 1836 వరకు నూట పదేళ్లు జీవించారని అంటారు. ఆ సంగతి అబ్బాయికి చెప్పాము. వాడు వెంటనే, "అయితే ఆయన వరుస ఒకటి పాడండి, కడతాను" అన్నాడు.

మేము గొంతు సవరించుకొన్నాము. పల్లవి వచ్చింది. చరణం రాలేదు.

సభలోని పెద్దలారా, ఆ క్షణంలో మాకు కలిగిన సిగ్గును మీ ముందు దాచదలచుకోలేదు. మా నాయనగారు గూళూరు భజనలో ముప్పై ఏళ్లు ఆ తత్వం పాడారు. మేము పక్కన కూర్చొని తాళాలు వేశాము. వారు పోయి నాలుగేళ్లయింది. వెదకగా వెదకగా పాత ఫోనులో వారి గొంతు దొరికింది. పల్లవి రెండుసార్లు, తరువాత చరణం ఎత్తుకోబోతుండగా ఎవరిదో ఫోను వచ్చింది, ముద్రణ ఆగిపోయింది. ఆనాడు తరువాత పాడించుకోవచ్చులే అనుకొన్నాము.

చివరకు ఊళ్లో వారితో కలిసి పాడిన ఒక పెద్దాయనకు ఫోను చేశాము. "ఏమప్పా, ఇన్నేండ్లకు గుర్తొచ్చినామా?" అని నవ్వి, ఎనభై దాటిన గొంతుతో తత్వమంతా పాడి వినిపించారు. చరణం దొరికింది. కాని వారి పల్లవి మా నాయనగారి పల్లవికి భిన్నంగా ఉన్నది. ఏది సరి అని అడిగితే, "మీ నాయన మా నాయన దగ్గరే నేర్చినాడు. గొంతు ఎట్లా పోతే పాట అట్లా పోతుంది. సరి, తప్పు అని ఏం చెప్పేదప్పా?" అన్నారు.

మేము చిక్కుపడ్డాము గాని మా అబ్బాయి పడలేదు. వాడి లోకంలో ఒక వరుసకు పది రూపాలుండడం మామూలే. రెండు పల్లవులనూ ఉంచాడు. ముందు తాతది, చరణం తరువాత ఆ పెద్దాయనది. పాత ఆట యంత్రపు బూర గొంతులు రెండింటికి వరుసనిచ్చి, ఆ రొద గొంతును చిరతలుగా మార్చాడు. గూళూరులో ఉన్న మా అమ్మకు ఫోనులో వినిపించాడు. ఆమె మొత్తం విని, "తరుముకొచ్చినట్టుంది నాయనా. దేవుణ్ణి కొంచెం కూర్చోనీ" అన్నది. బృందంలోని పరీక్షకులు చెప్పినదీ దాదాపు అదే: వేగం వల్ల వరుస తెలియడం లేదని. వాడు కాలం తగ్గించి మళ్ళీ కట్టాడు. రెండవసారి విని మా అమ్మ ఏమీ అనలేదు. ఇంకొకసారి పెట్టమన్నది.

దేవుని పాటను ఆటబొమ్మ గొంతులో పలికించడం అపచారం కాదా అని కొందరు మిత్రులు అన్నారు. మాకూ మొదట అట్లాగే తోచింది. అయితే ముత్తుస్వామి దీక్షితులవారు తెల్లదొరల బ్యాండు మేళపు వరుసలకు దేవతా స్తుతులు కూర్చారు; ఇంగ్లీషు రాజుగారి గీతపు వరుస కూడా వాటిలో ఉన్నది. ఇక అన్నమాచార్యులవారి సంగతి. రాగిరేకుల మీద పాటలు, రాగాల పేర్లు నిలిచాయి గాని స్వరాలు లేవు. మన అనంతపురం జిల్లాలో పుట్టి, మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు తరువాత తిరుపతి చేరి వాటిలో ఎన్నింటికో స్వరాలు కూర్చారు. మనవలె ఊరు విడిచి మరొక చోట బ్రతికినవారే వారూ. అంతటి విద్వాంసులతో మా అబ్బాయిని పోల్చడం లేదు. వరుస పోతే మళ్ళీ కట్టడం మనకు పాపం కాదని మాత్రమే చెబుతున్నాము.

మాకు అర్థమైనది ఇంతే. పాట పెట్టెలో దాచితే నిలిచేది కాదు. ప్రేమించినవాడు ఎవడో తన చేతిలో ఉన్న వాయిద్యంతో దానిని మళ్ళీ కట్టాలి, ఎవరిదో పేరు చెప్పాలి, తప్పు చెప్పేవారి మాట వినాలి. కట్టడానికి మన పిల్లలకు చేతులున్నాయి. వారికి ఇవ్వవలసిన మూలమే మన దగ్గర సగం సగంగా ఉన్నది.

కనుక ఈ సంఘానికి మాదొక విన్నపం. ఈ ఏడాదిలో ఇంటికి ఒక్క పాట. లాలిపాట, తత్వం, సువ్వి పాట, ఏదైనా సరే. ఇంటిలోని పెద్దవారి చేత, లేదా ఊళ్లో ఉన్నవారి చేత ఫోనులోనైనా, మొదటి నుంచి చివరి దాకా పాడించి భద్రపరచండి. ఎవరి పాట, ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ సంవత్సరం అనేవి తెలిసిన మేరకు రాసి ఉంచండి. తెలుగు అక్షరాలు రాకుంటే కన్నడంలోనైనా, ఇంగ్లీషులోనైనా రాయండి. మా పెద్దలు అట్లాగే కాపాడారు. తరువాత దానిని పిల్లలకు అప్పగించి, వారేమి కడతారో వినండి. బాగుంటే బాగుందనండి, లేకుంటే మా అమ్మవలె ఎక్కడ బాగాలేదో చెప్పండి.

పాడేటప్పుడు మాత్రం వచ్చే ఫోన్లు రాకుండా ఆపి పెట్టుకోండి.