అనురాగానికి అఫిడవిట్



ప్రేమకథలో నేరం, అక్రమ వైద్యం అన్న అంశాన్ని ఈ సదస్సుకు ఎంచుకున్న నిర్వాహకులను మనసారా అభినందిస్తున్నాను. సాహిత్య సభల్లో ప్రేమ నవలను గుమ్మం బయటే నిలబెట్టడం మనకు అలవాటైపోయింది. లక్షల మంది తెలుగు ఆడవాళ్ళకు చదువు మీద రుచి కలిగించింది ఆ నవలే. అందులో డాక్టరు మనకు పాత చుట్టం. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’గా తెర మీదికి వచ్చింది కూడా. ఇప్పుడు వస్తున్న రాతప్రతుల్లో ఆ డాక్టరు దొంగచాటు ఆపరేషన్ థియేటర్లోకి నడుస్తున్నాడు. కిడ్నీ దందా, దొంగ స్కానింగులు, నకిలీ మందులు, అద్దె గర్భాల బేరాలు ప్రేమకథల్లోకి వచ్చేశాయి. రానివ్వండి. పేపర్లో రోజూ చదివేది నవలలో ఉండకూడదని నేననను. ఇవాళ మాత్రం కిడ్నీ దగ్గరే ఆగుతాను. ప్రేమకథ రాసేవాళ్ళ పనికీ నేరగాళ్ళ పనికీ దూరం బాగా తగ్గిపోయేది అక్కడే.

అవయవ మార్పిడి చట్టం 1994లో వచ్చింది. 2011లో దాన్ని సవరించారు. బతికున్న మనిషి కిడ్నీ ఇవ్వాలంటే మామూలుగా దగ్గరి బంధువై ఉండాలి. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు మొదటి నుంచీ ఆ జాబితాలో ఉన్నారు. అవ్వాతాతలు, మనవలు సవరణతో చేరారు. బంధువు కానివాళ్ళకు ఒక దారి ఉంచారు. రోగి మీద అనురాగంతోనో అనుబంధంతోనో ఇస్తున్నానని చెబితే, ఆథరైజేషన్ కమిటీ ఒప్పుకుంటే, ఇవ్వొచ్చు.

ఆ కమిటీ ఏమేం అడగాలో 2014 నిబంధనల్లో ఉంది. ప్రేమకథలు రాసే ప్రతి ఒక్కరూ వాటిని చదవాలని నా కోరిక. మీ ఇద్దరికీ పరిచయం ఎలా? కిడ్నీ ఇవ్వాలని ఎందుకనిపించింది? కలిసి దిగిన పాత ఫొటోలున్నాయా? ఇద్దరి సంపాదన ఎంత? మధ్యలో దళారి ఎవరైనా ఉన్నాడా? దాత ఇంటివాళ్ళతోనూ మాట్లాడాలి. భార్యాభర్తలైతే పెళ్ళి సర్టిఫికెట్, పెళ్ళి ఫొటో, పిల్లల వివరాలు చూడాలి. ఇద్దరి మధ్య ప్రేమ నిజమో కాదో తేల్చే పని చట్టం ఆ గదిలో కూర్చున్నవాళ్ళకు అప్పగించింది.

దళారి తయారుచేసేది ఆ ప్రేమనే. ముక్కూమొహం తెలియని ఇద్దరికి కాగితాల మీద సంసారం కట్టబెడతాడు. ఏమడిగితే ఏం చెప్పాలో దాతకు నేర్పించి పంపుతాడు. 2016లో ముంబైలో బయటపడిన కేసులో, కిడ్నీ ఇవ్వడానికి వచ్చిన ఆవిడను రోగి భార్యగా దొంగ పత్రాలతో చూపించారు. ఈ నేరం తొడుక్కునే వేషం అనురాగం. ఆ వేషాన్ని గుర్తుపట్టగల చూపు, నిజమైన అనురాగం ఎలా మాట్లాడుతుందో ఎక్కడ మాట రాక ఆగిపోతుందో తెలిసిన ప్రేమకథా రచయితకు ఉండాలి. మన నవలల్లో చాలాచోట్ల అదే కనిపించడం లేదని నా బాధ.

మనం ఇవాళ చదువుకునే 1909 నాటి ‘కన్యాశుల్కం’ గుర్తు చేసుకోండి. ఆడవేషం వేసిన కుర్రాణ్ణి లుబ్ధావధాన్లుకు కట్టబెడతారు. గురజాడ ఆ దొంగపెళ్ళిని ఒక్క మలుపు కోసం వాడుకుని వదిలెయ్యలేదు. పెళ్ళికూతురు మాయమయ్యాక ఆ ముసలాయన మీద ఖూనీ కేసు పడుతుంది. పోలీసులు, వకీళ్ళు, సాక్షులు ఒక్కొక్కరే కథలోకి వస్తారు. ఆ మోసం తాకిన ప్రతి గడపకూ ఆయన మనల్ని తీసుకువెళ్తాడు.

మరి మన రాతప్రతుల్లో? నాయిక ప్రాణం మీదికొస్తుంది, ఎవరో రాత్రికి రాత్రి కిడ్నీ తెస్తారు, ఆపరేషన్ జరుగుతుంది, చివరి అధ్యాయంలో పెళ్ళి. ఆ కిడ్నీ ఎవరిది? చెన్నైలో కిడ్నీలు అమ్ముకున్న 305 మందిని పరిశోధకులు కలిసి మాట్లాడారు. ఆ అధ్యయనం 2002లో అచ్చయింది. 96 శాతం మంది అప్పు తీర్చడానికే అమ్మారు. అమ్మాక కూడా దాదాపు నాలుగింట మూడొంతుల మందికి అప్పు మిగిలే ఉంది. కుటుంబ ఆదాయం సగటున మూడోవంతు పడిపోయింది. ఆరోగ్యం దెబ్బతిన్నదని 86 శాతం మంది చెప్పారు. ఇంకో సంగతి. చట్టం కొన్నవాడితోపాటు అమ్మినవాణ్ణీ నేరస్థుడిగానే చూస్తుంది. అయిదు నుంచి పదేళ్ళ జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా. దళారి చెప్పిన డబ్బులో సగం ఎగ్గొట్టినా ఆ మనిషి పోలీస్ స్టేషన్ మెట్లెక్కలేడు. ఒక నవలకు సరిపడే దుఃఖం ఆ మెట్ల కిందే ఉంది. మన కథ అటు చూడకుండా కల్యాణ మంటపానికి వెళ్ళిపోతోంది.

తప్పుదారి పట్టిన సర్జన్ నాయిక ప్రేమతో మారిపోయే కథలు కూడా చాలా వస్తున్నాయి. మనిషి మారతాడని నేనూ నమ్ముతాను. తనకు అబద్ధం చెప్పినందుకు నాయిక అతణ్ణి క్షమించవచ్చు. అతని కత్తి కింద పడుకున్న కూలీ తరఫున క్షమించే హక్కు ఆమెకు లేదు. ఆ కూలీని మళ్ళీ కథలోకి తీసుకురాకుండా సర్జన్‌కు విముక్తి రాయడం అన్యాయం.

త్యాగం గురించి కూడా చెప్పాలి. ప్రియుడి కోసం కిడ్నీ ఇచ్చే అమ్మాయి మన పాఠకులకు ఇష్టమైన పాత్ర. 1995 నుంచి 2021 వరకు దేశంలో జరిగిన అవయవ మార్పిడుల కేంద్ర లెక్కలు చూస్తే, అవయవం అందుకున్న ప్రతి అయిదుగురిలో నలుగురు మగవాళ్ళే. ఆడవాళ్ళు ఇచ్చే వరసలో నిలబడతారు, తీసుకునే వరసలో అరుదుగా కనిపిస్తారు. అమ్మాయి త్యాగం రాసేటప్పుడు, ఆమె వద్దంటే ఆ ఇంట్లో ఏమయ్యేదో కూడా రాయండి. కాదనే వీలున్నప్పుడే అది ప్రేమవుతుంది.

వైద్యం సంగతి త్వరగా చెబుతాను. కిడ్నీ మార్చుకున్నంత మాత్రాన జబ్బు కథ ముగియదు. శరీరం కొత్త అవయవాన్ని తిప్పికొట్టకుండా జీవితాంతం మందులు వాడాలి. ఇచ్చినవాళ్ళు కూడా ఏళ్ళ తరబడి పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. వారం తిరక్కుండా పాటకు సిద్ధమయ్యే కథానాయకుణ్ణి దయచేసి రాయకండి. ఇక నేరం చేసే పద్ధతి. ఏ కాగితం ఎక్కడ పుట్టించాలో, కమిటీని ఏ మాటతో బురిడీ కొట్టించాలో పాఠకుడికి అక్కర్లేదు. దళారి ఇస్తానన్న మొత్తం, చివరికి చేతిలో పెట్టిన మొత్తం, ఈ రెంటి మధ్య తేడా అతనికి తెలియాలి.

చీకటి లేకపోతే ఉత్కంఠ ఉండదని కొందరు మిత్రులు అంటారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వెళ్ళిరండి. కవిటి, సోంపేట, పలాస చుట్టూ కొబ్బరి, జీడి తోటల మధ్య ఊళ్ళను కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా పీడిస్తోంది. కారణం ఇదీ అని ఇంకా ఎవరూ తేల్చలేదు. వారానికి రెండు మూడు సార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం మీద గడిపే మనిషి పక్కన కూర్చునేవాళ్ళ ప్రేమను మనలో ఎంతమంది రాశాం? చనిపోయినవాళ్ళ అవయవాలను కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్ జాబితాలో పేరు రాయించుకుని, ఏ వేళ ఫోన్ మోగుతుందోనని ఎదురుచూసే కుటుంబంలో ఉత్కంఠకు కొదవేముంది? ఆ ఫోన్ మోగాలంటే మరో ఇంట్లో ఎవరో పోయి ఉండాలి. ఆ రెండిళ్ళూ నవలకు చాలవా?

పత్రికా సంపాదకులకు ఒక విన్నపం. ఇలాంటి సీరియల్ మొదలుపెట్టే ముందు రాతప్రతిని ఒక నెఫ్రాలజిస్టుకూ ఒక వకీలుకూ చూపించండి. రచయిత చెయ్యి పట్టుకోవడానికని అనుకోవద్దు. తెలియక రాసిన ఒక్క అధ్యాయం, అప్పుల్లో ఉన్న పాఠకుడికి దళారి చిరునామాలా కనిపించే ప్రమాదం ఉంది.

మధ్యాహ్నం మన యువ రచయితలు తమ నవలల్లోంచి అధ్యాయాలు చదువుతారు. విన్నాక, కిడ్నీ ఇచ్చిన మనిషి పేరేమిటని, ఆపరేషన్ అయ్యాక ఎక్కడున్నాడని వాళ్ళను అడగండి. జవాబు సిద్ధంగా లేకపోతే ఆ రచయితతో కూర్చుని వెతుకుదాం. సాయంత్రం దాకా మనకు సమయముంది. మొదటి పత్రం సమర్పించేవారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.