ఫిడేలు – ఊరి అడుగు

ఫిడేలు అనగానే మనకు కచేరీ వేదిక స్ఫురించును. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వంటి విద్వాంసుల చేతిలో ఆ వాద్యము పూర్తిగా మనదైపోయినది. అయితే అది పుట్టిన ఐరోపాఖండమున దానికి వేరొక కాపురము కలదు. వంటయింటి పొయ్యి చెంత, ధాన్యపు కొట్టములో, పెండ్లివారి ముంగిట ఒక్క ఫిడేలు మ్రోగుచుండగా ఊరివారందరు నర్తించెడివారు. వాదకుడు సరిగా వాయించెనో లేదో నర్తకుల పాదములే చెప్పెడివి.

ఆ నృత్యపు వరుసలు మన చెవికి మొదట ఒక్కటిగానే తోచును. కొంచెము తాళము వేసి చూడుడు. ఐర్లండులోని ‘రీల్’ చతురశ్రగతి, ‘జిగ్’ తిశ్రగతి. ‘స్లిప్ జిగ్’ నందు మూడు తిశ్రములు కలిసి తొమ్మిది మాత్రలగును. ఆ చిన్న దేశములోనే జిల్లాకొక బాణీ కలదు. ఉత్తరమున డానెగల్ వాదకులు ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క పొట్టి కమాను వేయుదురు. కూలిపనులకు స్కాట్లండు పోయి వచ్చినవారు అచ్చటి వరుసలను వెంట తెచ్చుకొనిరి. క్లేర్ జిల్లా తూర్పుభాగమున వాదనము నిదానము, ఆర్ద్రము. కార్క్, కెర్రీ జిల్లాల సరిహద్దున పోల్కాలకు ఆదరము మెండు.

నార్వే దేశమున ఈ భేదము మరింత సూక్ష్మము. అచ్చటి హార్డాంగర్ ఫిడేలునకు పైతీగలు నాలుగు గాక, వాని క్రింద కమాను తాకకయే మ్రోగు తీగలు నాలుగైదుండును. ‘స్ప్రింగార్’ అను నృత్యమునకు దెబ్బలు మూడు. కాని అవి సమానములు కావు. టెలిమార్క్ ప్రాంతమున మొదటిది దీర్ఘము, మూడవది హ్రస్వము. వాల్ద్రెస్ ప్రాంతమున మొదటిదే హ్రస్వము, రెండవది దీర్ఘము. ఈ తేడాను స్వరలిపిలో పట్టుట కష్టము. ఆ యూరి నర్తకుని పాదమునకు అది సహజము.

మరి ఇట్టి విద్య నిలుచుటెట్లు? చికాగో నగర పోలీసు అధిపతిగా పనిచేసిన ఐర్లండువాడు ఫ్రాన్సిస్ ఓనీల్, వలస వచ్చిన స్వదేశీయులనుండి వరుసలు సేకరించి, 1903లో 1850 వరుసల గ్రంథమును వెలువరించెను. వరుసలు దక్కినవి గాని, కమాను నడక కాగితముపై చిక్కలేదు. పిమ్మట గ్రామఫోను వచ్చెను. స్లైగో జిల్లాలో 1891లో జన్మించిన మైకేల్ కోల్మన్ అమెరికా చేరి, 1921 మొదలు రికార్డులిచ్చెను. అవి సముద్రము దాటి స్వదేశమునకు తిరిగివచ్చినవి. వాని సొగసుకు ముగ్ధులై ఇతర జిల్లాల యువకులు పలువురు తమ పెద్దల బాణీని ప్రక్కనబెట్టి స్లైగో బాణీని అభ్యసించిరి. ఆ మహావాదకుడు కోరకయే, అతని కీర్తి పలు ఊళ్ల బాణీలను సన్నగిలజేసినది.

రేడియో ఉద్యోగినైన నాకు ఈ కథ ఒక హెచ్చరిక. మేము ప్రసారము చేయు పాట ఇంటింటికి చేరును. ప్రసారము కాని బాణీ తక్కువదను భ్రమయు దానితోపాటే చేరును. అయితే విరుగుడు కూడ రేడియోయందే కలదు. 1954లో ఐర్లండు రేడియోలో చేరిన కీరాన్ మాక్ మహూనా ధ్వనిముద్రణ వాహనముతో పల్లెలకు పోయి, వాదకుల సంగీతమును అచ్చటనే ముద్రించి, దేశమంతటికి వినిపించెను.

శ్రోతలారా, మన కోలాటము, తప్పెటగుళ్లు, థింసా కూడ ఆయా ఊళ్ల అడుగులే. ఇకమీదట జానపద సంగీతము వినునపుడు, ‘ఇది ఏ యూరిది?’ అని కూడ అడుగుడు. మీ యూరి పెద్ద ఎవరికైన ఒక పాత వరుస వచ్చియున్నచో, ఆయన ఉండగానే పిల్లలను ఆయన చెంతకు పంపుడు.