మత్తు పోయాక మిగిలిన సంగీతం

శ్రద్ధగా వినడాన్ని జీవితకాల సాధనగా చేసుకున్న ఒక రసికుడి పేర జరిగే ఈ స్మారకోపన్యాసానికి సైకెడెలిక్ సంగీతాన్ని ఎంచుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. ఆ మాట వినగానే ఎల్‌ఎస్‌డీ, హిప్పీలు, రంగురంగుల పోస్టర్లు గుర్తుకొస్తాయి. మత్తులో పుట్టిన ఆ పాట మత్తుతోపాటే పోయిందని చాలామంది నమ్మకం. నేను ఒప్పుకోను. మత్తు దానికి తొలి సందర్భం మాత్రమే. దాన్ని ఇన్నేళ్లు నిలబెట్టినవి ఆధారశ్రుతి, రికార్డింగు స్టూడియో.

1966 ఏప్రిల్‌లో లండన్‌లో బీటిల్స్ 'టుమారో నెవర్ నోస్' రికార్డు చేశారు. పాటంతా దాదాపు ఒకే ఆధారస్వరం మీద నిలుస్తుంది, వెనక తంబూరా మోగుతుంది. టేపు ముక్కల్ని చుట్టలుగా అతికించి, ఒకేసారి అనేక యంత్రాల మీద తిప్పుతూ, ఆ ధ్వనులను పాటలోకి కలిపారు. ఆర్గన్ కోసం తయారైన లెస్లీ స్పీకరులోంచి బృంద గాయకుడు లెనన్ గొంతును పంపిన ఇంజినీర్ జెఫ్ ఎమరిక్‌కు అప్పటికి 20 ఏళ్లే. పాటలోని భావానికి ఎల్‌ఎస్‌డీని సమర్థించిన మనస్తత్వవేత్త తిమొతీ లియరీ పుస్తకం ప్రేరణ, నిజమే. కానీ టేపును కొలిచి కత్తిరించి అతికించడం మెలకువతో చేసే పని. తంబూరా శ్రుతికి అలవాటుపడిన మన చెవికి ఇక్కడ ఒక తేడా వెంటనే తెలుస్తుంది: మన కచేరీలో శ్రుతి రాగానికి ఆధారమై వెనక ఉంటుంది, ఇక్కడ అదే ముందుకొచ్చి కూర్చుంటుంది.

ఈ వాదనకు బలమైన ఆక్షేపణ ఉంది. అదే ఏడాది టెక్సస్ బృందం థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్ తమ తొలి ఆల్బం అట్ట మీదే మత్తు అనుభవాన్ని బాహాటంగా సమర్థించింది. సంగీతకారులే చెప్పుకున్న మాటను మనం కాదనవచ్చా? వారి ఉద్దేశాన్ని కాదనను, మత్తువల్ల జరిగిన నష్టాన్నీ తక్కువ చేయను. పింక్ ఫ్లాయిడ్‌కు తొలి ప్రాణం పోసిన సిడ్ బారెట్ మనసు చెదిరి 1968లో బృందానికి దూరమయ్యాడు. ఆ విషాదం గుండెను మెలిపెడుతుంది. అయితే ఆయన లేకుండా, ఎకోలతో, ఆర్గన్‌తో, ఓపికతో ఆ బృందం అదే ధ్వనిని ఇంకా దూరం తీసుకెళ్లింది. ప్రేరణ ఒకటి, పనితనం ఒకటి.

పనితనానికి సరిహద్దులుండవు. సైనిక పాలనలోని బ్రెజిల్‌లో ఓస్ ముతాంతెస్, టర్కీలో ఎర్కిన్ కొరాయ్, జాంబియాలో విచ్ బృందం తమ తమ జానపద బాణీల్లోకి, లయల్లోకి ఆ ధ్వనిని తెచ్చుకున్నారు. ఒక్కొక్కరిదీ ఒక్కో ఉపన్యాసానికి తగిన కథ.

నేటి బృందాలు పాత రంగులకు మళ్లీ పూత పూస్తున్నాయని మరో విమర్శ. కొన్నింటి విషయంలో అది సరైనదే. 1967 నాటి గిటారు మోతను మక్కీకి మక్కీ దించే రికార్డులకు కొదవ లేదు. ఆస్ట్రేలియాకు చెందిన కింగ్ గిజార్డ్ అండ్ ది లిజార్డ్ విజార్డ్ అలా చేయలేదు. టర్కీ సాజ్ వాద్యం స్ఫూర్తితో గిటారుకు అదనపు మెట్లు వేయించుకుని, పాశ్చాత్య స్కేలులో లేని సూక్ష్మస్వరాలతో 2017లో ఒక ఆల్బమంతా వాయించింది. టేమ్ ఇంపాలా రికార్డుల్లో దాదాపు అన్ని వాద్యాలనూ కెవిన్ పార్కర్ ఒక్కడే వాయిస్తాడు; అక్కడ స్టూడియోయే అసలు వాద్యం. టోక్యో బృందం కికగాకు మోయోలో సితార్ వాయించిన ర్యూ కురొసావా ఆ విద్యను మన దేశానికి వచ్చి నేర్చుకున్నాడు. 1960లలో చాలా రాక్ రికార్డుల్లో సితార్ ఒక అలంకారం. కురొసావా చేతిలో అది పాట నడకనే నిర్ణయిస్తుంది.