స్థిరచక్రపు సైకిలు



మన పిల్లలలో కొందరు సైకిలు ఫ్రీవీలును తీసి, స్థిరమైన పళ్ళచక్రమును బిగింప గోరుచున్నారు. అప్పుడు చక్రము తిరుగునంత వఱకు పెడళ్ళును తిరుగుచునే యుండును. సాధారణమైన హబ్బుపై నట్లు చేసినచో, వేగము తగ్గింప వెనుకకు త్రొక్కగానే ఆ పళ్ళచక్రము మర సడలి ఊడవచ్చును. దానిని ఎడమమర గల లాకురింగు అడ్డగించును. అందులకు చోటుగల హబ్బునే వాడవలెను. గొలుసు తిన్నగా, వదులు లేక యుండవలెను.

హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయపు వెలోడ్రోము వంటి పందెపు బాటలలో అందఱు నొకే దిక్కున పోవుదురు గనుక ఆ సైకిళ్ళకు బ్రేకులుండవు. బెంగళూరు వీథులును, నందికొండ దిగుడుదారియు నట్టివి కావు.

పిల్లల ముచ్చట కాదనకుడు. బ్రేకులను మాత్రము తీయనీయకుడు.