వ్రాయువారెవరు? వారి కూలి యెంత?

(విశాఖపట్టణము, మల్కాపురము పఠనమందిరమున నొక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



పత్రికలను గూర్చి మాటలాడుమని నన్ను కోరితిరి. పత్రికల మహిమను పొగడి కూర్చుండుట సులభము. నేటి సాయంకాలము నేనాపని చేయబోను. ప్రతిదినము ఈ బల్లపై పరచియుండు పత్రికలను వ్రాయుచున్నవారెవరు, వారికి ముట్టుచున్న జీతమెంత, అను రెండు ప్రశ్నలను మీ ముందుంచెదను. ఇవి వేర్వేరు ప్రశ్నలని లోకము తలంచుచున్నది. నేనును చిరకాలమట్లే తలంచితిని. నా కక్షిదారుడొకడు నా భ్రమను పోగొట్టెను. రెండును ఒక్కటే ప్రశ్న యని చెప్పుటకే నేను వచ్చితిని.

మొదట మన యూరి మాట. 1941 జూన్ 21వ తేదీని బాబూ రాజేంద్రప్రసాదుగారు ఈ చెంతనే సింధియా ఓడల కార్ఖానాకు శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14వ తేదీని "జలఉష" యను ఓడను జవాహర్‌లాల్ నెహ్రూగారు నీటిలోనికి విడిచిరి. 1957లో చమురుశుద్ధి కర్మాగారము పనిచేయ నారంభించెను. తరువాత ఎరువులు వచ్చినవి, ఉక్కు వచ్చినది. వీనితోపాటు నానా గ్రామములనుండి, నానా కులములనుండి శ్రమజీవులు వచ్చి యీ వీధులలో నిలిచిరి. ఓడ కట్టినవారున్నారు, ఉక్కు కరగించినవారున్నారు. కాని ఈ వీధులలో పుట్టి పెరిగి, పత్రికా కార్యాలయమున సంపాదకుని కుర్చీలో కూర్చున్నవానిని ఒక్కని పేరు చెప్పుడని నేను చాలమందిని అడిగితిని. చెప్పినవారు లేరు.

దీనివలన నష్టమేమని మీరడుగవచ్చును. 1997 సెప్టెంబరు 14వ తేదీని శుద్ధికర్మాగారమున మంటలు చెలరేగినప్పుడు పిల్లలను చంకనెత్తుకొని పరుగెత్తిన సంగతి మీలో పెద్దలైనవారు మరచియుండరు. అట్టి దినమున బయటినుండి వచ్చిన విలేఖరి అధికారిని కలిసి, మృతులెందరని యడుగును. అది అడుగవలసిన ప్రశ్నయే. కాని ఆ వీధిలోనే పుట్టిన విలేఖరి మరికొన్ని యడుగును: చనిపోయినవాడు పర్మినెంటు ఉద్యోగియా, కంట్రాక్టరు కూలియా? ఆ కూలి పేరు హాజరుపట్టీలో నున్నదా? ఇంట మిగిలినవారెవరు? ఈ రెండవ ప్రశ్నలు వేయువాడు లేనిచో నష్టపరిహారము చేరవలసిన యింటికి చేరదు.

ఇక నా కక్షిదారుని సంగతి. అతని పేరు చెప్పను. పత్రిక పేరును చెప్పను. అతడు ఈ ప్రాంతపు దళితవాడలో పుట్టెను. తండ్రి ఓడరేవులో మూటలు మోసెను. కుమారుడు బి. ఏ. పరీక్షలో నుత్తీర్ణుడై, ఏడు సంవత్సరములు ఒక దినపత్రికకు ఇక్కడి వార్తలు పంపెను. దానిని కంట్రిబ్యూటరు పని యందురు. నియామకపత్రము లేదు. మెడలో వేసికొనుటకు గుర్తింపు కార్డు మాత్రము కలదు. అచ్చుపడిన వార్తను కొలిచి, సెంటీమీటరున కింత యని డబ్బు లెక్కగట్టుదురు. ఆ వచ్చినది మోటారుసైకిలు పెట్రోలునకు చాలెడిది కాదు. పైగా పండుగకును, పత్రిక వార్షికోత్సవమునకును ఇన్ని వేల రూపాయల ప్రకటనలు తేవలెనని ఆజ్ఞ. ప్రకటన లిచ్చువారెవరు? కంట్రాక్టర్లు, స్థలముల వ్యాపారులు, రాజకీయ నాయకులు. ఎవరి తప్పులను వ్రాయవలెనో వారి గుమ్మముననే చేయి చాచి నిలువవలెను. ఇతడొక కంట్రాక్టరు కూలీలకు జీతము లీయని సంగతి వ్రాసెను. ఆ యేడు ప్రకటనలు రాలేదు. కార్డు తిరిగి యిమ్మనిరి.

అతడు నాయొద్దకు వచ్చినప్పుడు నేను 1955వ సంవత్సరపు వర్కింగ్ జర్నలిస్టుల చట్టమును తీసితిని. పూర్తికాలము గాని, కొంతకాలము గాని పత్రికకు పనిచేయు విలేఖరి ఆ చట్టము దృష్టిలో పాత్రికేయుడే. అయితే అందొక నియమముండెను: ఆ పని అతని ప్రధానవృత్తి యై యుండవలెను. ఎదుటిపక్షపు వకీలు అడిగిన ప్రశ్న ఒక్కటే: "నీవు దేనితో జీవించుచున్నావు?" ఇతడు సత్యమే చెప్పెను: "ఉదయము పిల్లలకు పాఠములు చెప్పుదును, రాత్రి ఒక మందులకొట్టులో లెక్కలు వ్రాయుదును." అట్లైన పత్రికారచన నీ ప్రధానవృత్తి కాదనిరి. చూచితిరా! జీతము చాలనందున మరియొక పని చేయవలసి వచ్చెను. మరియొక పని చేసినందున జీతమడుగు హక్కు పోయెను. వ్యాజ్యము రాజీతో ముగిసెను. కొంత ధనము ముట్టినది. పని తిరిగి రాలేదు. అతడిప్పుడు ఏ పత్రికకును వ్రాయుట లేదు.

ఇచ్చట నా తప్పును నేను చెప్పుకొనవలెను. కళాశాలలో చదువునాడు నేనును ఒక పత్రికకు రెండేండ్లు వార్తలు వ్రాసితిని. ఒక్క పైసయు పుచ్చుకొనలేదు. అది దేశసేవ యని గర్వించితిని. మా తండ్రిగారికి పది యెకరముల మాగాణి కలదు. నా జీతమును ఆ పొలము చెల్లించెను. నన్నాపనిలో ప్రవేశపెట్టినవారు మా మేనమామగారి స్నేహితులు, మా కులమువారే. నేను ఊరక చేయుచుండగా, అదే పనికి జీతమడుగువాడు పత్రికవారికి అక్కరలేనివాడయ్యెను. నా త్యాగమునకు నాకైన ఖర్చు లేదు. దాని వెలను చెల్లించినవాడు, నే నెరుగని పేదవాడు మరియొకడు.

జీతము లేని పనికి ఆస్తికలవాడే రాగలడు. మనదేశమున ఆస్తి యే కులముల చేత నున్నదో మీరెరుగుదురు. కావున కార్యాలయపు తలుపుమీద "ఫలానివారు రావలదు" అని వ్రాయ నక్కరలేదు. జీతము తగ్గించినచో ఆ తలుపు తనంతట తానే మూతపడును.

ఆ మూతపడిన తలుపునకు సాక్ష్యములు కలవు. 1996లో బి. ఎన్. ఉనియాల్ అను పాత్రికేయుడు ఢిల్లీ పత్రికాలోకమున దళిత పాత్రికేయు నొక్కని వెదకి, కానక, ఆ సంగతిని "పయొనీర్" పత్రికలో వ్రాసెను. 2006లో ఢిల్లీలోని 37 ఆంగ్ల, హిందీ వార్తాసంస్థలలో నిర్ణయాధికారముగల 315 మందిని పరిశీలింపగా షెడ్యూల్డు కులములవారు గాని, తెగలవారు గాని ఒక్కరును కనబడలేదు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ సంస్థలు దేశమందలి వార్తాసంస్థల నాయకస్థానములను 121 లెక్కించినవి. వానిలో 106 అగ్రవర్ణములవారివి. దళితులకు, గిరిజనులకు ఒక్కటియు లేదు. మొదటి వెదకులాటకును మూడవదానికిని నడుమ ఇరువదిమూడేండ్లు గడచినవి. ఫలితము మారలేదు.

దీనికి రెండు సమాధానములు వినబడుచుండును. మొదటిది యోగ్యత. "మాకు కులముతో పనిలేదు, భాష తెలిసినవాడు కావలెను" అందురు. ఎవరి భాష? మన ఉత్తరాంధ్రపు యాస సినిమాలలో నవ్వించుటకే పనికివచ్చుచున్నది. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాష నేర్చి, దానికి వ్యాకరణమును, నిఘంటువును కూర్చి, సవర పిల్లలకు చదువు చెప్పించిరి. 1940లో ఆయన గతించువరకును అడిగిన ప్రశ్న, ప్రజల నోట నున్న మాటకు గౌరవమేల లేదని. ఆ ప్రశ్నకు నేనే సమాధానము చెప్పలేను. ఇప్పుడును మీయెదుట గ్రాంథికమే మాటలాడుచున్నాను. కాని మన్యమునుండి వార్త వ్రాయుటకు సవరయో, కువియో తెలిసినవానికంటె యోగ్యుడెవడు? ఆ తెలివిని యోగ్యతగా లెక్కించుటయే న్యాయము.

రెండవది త్యాగము. "పత్రిక వ్యాపారము కాదు, మన పెద్దలు ఆకలితో నడిపిరి" అందురు. నిజమే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా "ఆంధ్రపత్రిక"ను స్థాపించి, 1914లో మద్రాసునందు దినపత్రికగా చేసిరి. అమృతాంజనము తెచ్చిన ధనము ఆ పత్రికను పోషించెను. ముట్నూరి కృష్ణారావుగారు 1945లో మరణించువరకు "కృష్ణాపత్రిక"కే జీవితమును ధారవోసిరి. ఆ మహనీయులు తమ విస్తరిలోనిది తీసి దేశమునకు పెట్టిరి. పొరుగువాని విస్తరిలోనిది తీసి, దానికి త్యాగమని పేరు పెట్టుట వారి మార్గము కాదు.

జీతముల చట్టముల చరిత్రయు నిట్లే నడచినది. మొదటి వేతనసంఘము 1957లో చేసిన నిర్ణయమును, పత్రికల చెల్లింపుశక్తిని విచారింపలేదని 1958లో సుప్రీంకోర్టు కొట్టివేసెను. మజిథియా సంఘపు వేతనములను ప్రభుత్వము 2011 నవంబరు 11వ తేదీని ప్రకటించెను. యజమానులు వ్యాజ్యము వేయగా 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వేతనములనే స్థిరపరచెను. అవి కంట్రాక్టు ఉద్యోగులకును వర్తించునని 2017 జూన్‌లో మరల చెప్పవలసి వచ్చెను. 1955 నాటి చట్టమును కొత్త కార్మికస్మృతిలో కలుపుటకు 2020లో పార్లమెంటు నిర్ణయించినది. చట్టము పేరు మారినను, నియామకపత్రము లేనివానికి ఏ స్మృతియు గొడుగు పట్టదు.

స్త్రీల సంగతి వేరుగ చెప్పవలెను. 1902లోనే "హిందూసుందరి" పత్రికకు స్త్రీలు సంపాదకురాండ్రైరి. సమానమైన పనికి స్త్రీపురుషులకు సమానవేతనమని రాజ్యాంగము ఆదేశించినది. 1976లో చట్టమును వచ్చినది. అయినను ప్రక్క బల్లవాని జీతమెంతో తెలియనిదే తన జీతము తక్కువయని ఆమెకెట్లు తెలియును? 2017లో బ్రిటిషు రేడియో సంస్థయగు బి.బి.సి. తన పెద్ద జీతగాండ్ర పట్టికను ప్రకటించవలసి వచ్చెను. చైనా విషయములకు సంపాదకురాలైన కేరీ గ్రేసీ తన జీతము తోటిపురుషుల జీతముకంటె చాల తక్కువయని గ్రహించి, 2018 జనవరిలో ఆ పదవిని విడిచిరి. ఆ యేటనే సంస్థ క్షమాపణ చెప్పెను. 2020లో సమీరా అహ్మద్ అను వార్తాప్రవక్త్రి న్యాయస్థానమున గెలిచిరి. పట్టిక బయటపడనిచో ఈ రెండు న్యాయములును జరిగియుండవు.

తలుపు మూసినవారిని యెంతకాలమో బ్రతిమాలక తమ యిల్లు తామే కట్టుకొన్నవారును కలరు. డాక్టరు అంబేద్కరుగారు 1920 జనవరి 31వ తేదీని "మూకనాయక్" పత్రికను ప్రారంభించిరి. నాటి మెదక్ జిల్లా జహీరాబాదు చెంతనున్న మాచనూరులో 2008 అక్టోబరునుండి దళితస్త్రీలు తమ మాటలలోనే "సంఘం రేడియో"ను నడపిరి. యోగ్యత లేదనువారికి ఇంతకంటె సమాధానమేమి కావలెను? కాని వారి ప్రయత్నమును మెచ్చుకొని, పెద్ద పత్రికలను బాధ్యతనుండి విడిచిపెట్టుట తగదు.

సభ్యులారా! ఈ పఠనమందిరము చేయదగిన పనులు నాలుగు కలవు. మనము చందా కట్టు ప్రతి పత్రికకును జాబు వ్రాయుదము: మీకు వార్తలు పంపువారికి నియామకపత్రమును, నెలజీతమును ఇచ్చుచున్నారా? విలేఖరులచేత ప్రకటనలు అడిగించుట మానితిరా? మీ కార్యాలయమున ఏయే వర్గములవారు, ఎందరు స్త్రీలు, ఏ జీతముపై నున్నారో ప్రకటింతురా? ఇది మొదటి పని. ఈ వాడలనుండి ఒక బాలుని, ఒక బాలికను ఏటేట ఎన్నుకొని, పాత్రికేయవిద్య ముగియువరకు నెలకింత యని పోషించుట రెండవది. కంట్రిబ్యూటర్ల వ్యాజ్యములను ప్రతిఫలము లేక నడపుట మూడవది. ఆ భారము నాది. నాలుగవది మిక్కిలి చిన్నది: మన పిల్లలు ఏ పత్రికకైన పనిచేయబోయినచో, జీతము పుచ్చుకొనకుండ పనిచేయవలదని వారికి చెప్పుడు. అక్కరలేనివారు ఆ డబ్బును ఈ మందిరమున కియ్యవచ్చును. కాని లెక్కలో మాత్రము పుచ్చుకొనవలెను.

నా కక్షిదారుడు నేడు ఈ సభలో వెనుకవరుసలో కూర్చున్నాడు. అతడు మరల కలము పట్టునో లేదో నే నెరుగను. అతని కుమార్తె ఈ మందిరమునకు ప్రతిదినము వచ్చి పత్రికలు చదువుచున్నదని విన్నాను. ఆమె వ్రాయుటకు వచ్చునాటికి ఆ తలుపు తెరచియుండునట్లు చూచుట మన విధి.