బిళ్ళ విసరుటకు రుసుము

డిస్క్ గోల్ఫ్ అను ఆట పేరు మన శ్రోతలలో పలువురికి క్రొత్తగా వినిపింపవచ్చును. గోల్ఫు ఆటలో బంతిని కఱ్ఱతో కొట్టి గుంటలో పడవేయుదురు. ఇందులో బంతి లేదు, కఱ్ఱ లేదు, గుంటయు లేదు. భోజనపు పళ్ళెముకంటె చిన్నదైన ప్లాస్టిక్ బిళ్ళను చేతితో విసరి, దూరముననున్న ఇనుప బుట్టలో పడవేయవలెను. బుట్టపై గొలుసులు వ్రేలాడుచుండును. బిళ్ళ వానికి తగిలి, వేగము చచ్చి, లోనికి జారును. సామాన్యముగా 18 బుట్టలుండును. అన్నింటిని ఎవరు తక్కువ విసరులతో ముగింతురో వారిదే గెలుపు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, ఓక్ గ్రోవ్ అను ఉద్యానవనములో, 1975లో ఎడ్ హెడ్రిక్ ఈ ఆటకు మొదటి శాశ్వత క్రీడాస్థలమును ఏర్పఱచెను. ఫ్రిస్బీ అను ఆటబిళ్ళకు మెఱుగులు దిద్ది 1967లో పేటెంటు పొందినవాడును ఇతడే. తొలినాళ్ళలో అక్కడ బుట్టలు లేవు, పాతిన స్తంభములే గుఱులు. విసరిన బిళ్ళ స్తంభమునకు తగిలినదో లేదో దూరమునుండి తేల్చుట కష్టము గదా! గొలుసుల బుట్ట వచ్చిన తరువాత ఆ తగవు తీరినది. 1976లో క్రీడాకారుల సంఘమును గూడ హెడ్రిక్ స్థాపించెను.

ఆ మొదటి స్థలము ప్రజల ఉద్యానవనములోనిది. తరువాత వచ్చిన వానిలోను అధికభాగము అట్టివే. కావున ఈ ఆట ఉచితమనెడి భావము ఆటగాండ్ర మనస్సులలో పాతుకొన్నది. ఒక్క బిళ్ళ చేతనున్న బీద బాలుడును ధనవంతుని ప్రక్కన నిలిచి ఆడగలుగుట ఈ ఆటకున్న గొప్ప సొంపు. ఇట్లుండగా, స్వంత భూమిలో బుట్టలు పాతి, తలకింత యని రుసుమడుగు యజమానికి ఎవరు సొమ్మిత్తురు? ఇత్తురు. ఇచ్చుచునే యున్నారు. దేనికొఱకన్నదే మేము విచారింపదలచినది.

మొదట కాలిక్రింది నేలను చూడుడు. దూరపు విసరునకు ఆటగాడు నాలుగడుగులు పరుగెత్తి, ముందుకాలు గట్టిగా మోపి, దేహమునంతను త్రిప్పును. పలు ఉచితస్థలములలో ఆ చోటు వట్టి మన్నే. వేలాది పాదములు త్రొక్కగా అది గుంటయై, వానకు బురదయై, జారిన మోకాలికి ముప్పు తెచ్చును. తడిసినను జారని సిమెంటు తిన్నె యున్నచో, దానికొఱకే కొన్ని డాలర్లిచ్చుటకు ఆటగాడు వెనుదీయడు.

రెండవది గడ్డి. ఇది నవ్వులాటగా తోచవచ్చును గాని, లెక్క చూడుడు. మంచి బిళ్ళ వెల పదునైదు, ఇరువది డాలర్లు. మోకాలెత్తు గడ్డిలో ఒక బిళ్ళ పోయినచో, ఒకనాటి రుసుముకంటె ఎక్కువే పోయినది. అరగంట వెదకిన కాలము సరేసరి! గడ్డి కోసి, పొదలు నఱకి యుంచిన యజమాని, రుసుము తీసికొనియు ఆటగానికి లాభమే చేకూర్చుచున్నాడు.

జనసమ్మర్దము మఱియొకటి. ఊరి ఉద్యానవనములో పిల్లలు, ముసలివారు, కుక్కలు తిరుగుచుందురు. నూటడెబ్బది గ్రాముల బిళ్ళ వేగముగా వచ్చి తగిలినచో గాయము తప్పదు. వారు దాటువఱకు నిలువవలసినదే. నిలుచుట న్యాయమే, ఉద్యానవనము అందఱిదియు గనుక. కాని ఆటకే ప్రత్యేకించిన చోటునకు విలువ కట్టువారుందురు.

మాసచూసెట్స్ రాష్ట్రములోని లెస్టర్ అను ఊర మేపుల్ హిల్ అను స్థలము కలదు. అది క్రిస్మస్ చెట్లు పెంచి అమ్ము తోట. ఆ చెట్ల నడుమను, చెరువు ప్రక్కను బుట్టలున్నవి. ఒకే బుట్టకు దూరదూరముగా వేఱువేఱు తిన్నెలుండుటచే, క్రొత్తవాడు దగ్గఱనుండియు, నేర్పరి దూరమునుండియు విసరవచ్చును. పేరుమోసిన పోటీలు జరుగు ఆ చెట్ల నడుమ తానును ఒకమారు విసరవలెనను కోరికకు ఆటగాండ్రు రుసుము చెల్లింతురు. ఇట్టి ఆకర్షణ అన్ని తోటలకు రాదు.

ఇక ఉచితస్థలమునకు హఠాత్తుగా రుసుము విధించుట వేఱుసంగతి. అట్టి చోట్ల పెక్కింటిలో పొదలు కొట్టినవారు, బుట్టలకు చందాలెత్తినవారు ఆటగాండ్రే. తమ చెమటతో వెలసిన చోటికి తామే సొమ్ము కట్టవలెనన్నచో వారికి కినుక కలుగుట సహజము. బురద బురదగానే యుండగా, సొమ్ము మాత్రము పురపాలకుల సాధారణ ఖాతాలో కలసిపోయిన యెడల ఆ కినుకను తప్పుపట్టలేము. ముందు తిన్నె కట్టి, పిమ్మట రుసుమడుగుట మేలని మా అభిప్రాయము. కొన్ని చోట్ల కావలివాడుండడు. మన హుండీవంటి పెట్టె యొకటి ద్వారమున నుండును, ఎవరి మనస్సాక్షికి వారే వేసి పోవుదురు. వసూలైన సొమ్మెంత, దానితో ఏ తిన్నె బాగుపడినదని ఆ పెట్టె ప్రక్కనే పలకపై వ్రాసియుంచినచో, వేయక దాటిపోవువారు తగ్గుదురని మాకు తోచుచున్నది. బడిపిల్లలను మాత్రము ఆ పెట్టెవఱకు పిలువవలసిన పని లేదు.